డిపో ఇచ్చిన చపాన్

ఆ ఉదయం ఎర్గాష్ మూడే పనులు పెట్టుకున్నాడు. ఏడింటికి టీ తాగడం, ఎనిమిదింటికి గేటు ముందు నిలబడి డిపో కారు ఎక్కడం, తొమ్మిదిన్నరకి 317 నంబరు ట్రాం చివరిసారి బయలుదేరేలోపు డిపో అధికారి ఫర్మొనోవ్‌ను నలుగురిలో నిలదీసి, ఆ బండిని తనే నడుపుతానని తేల్చుకోవడం. వీటిలో టీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

పాత ట్రాములు పోవడం గురించి ఆయనకేమీ తగాదా లేదు. ముప్పై తొమ్మిది బండ్లు అప్పటికే ఒక్కొక్కటిగా తుక్కు యార్డుకు వెళ్లి ముక్కలయ్యాయి. చలికాలంలో తలుపులు పడవు, ఎండాకాలంలో తెరుచుకోవు, అలాంటివాటిని ఎన్నాళ్లని ఉంచుతారు. కానీ 317ని ఆయన ముప్పై ఒక్క ఏళ్లు నడిపాడు. పోయిన జనవరిలో, డిపో అంతా గడ్డకట్టిన రోజున, ఫర్మొనోవ్ ఆయన భుజం మీద చెయ్యేసి, "చివరిది 317 అన్నా. దాన్ని యార్డుకి నువ్వే తోలుకెళ్తావు, ఇది నా మాట" అన్నాడు. ఎర్గాష్ అడగలేదు. అతనే అన్నాడు. నిన్న సాయంత్రం గోడ మీద అంటించిన కాగితంలో మాత్రం డ్రైవరు పేరు దగ్గర సార్వర్ అని ఉంది. సార్వర్ అంటే ఫర్మొనోవ్ మేనల్లుడు. ట్రాం ఎక్కి ఎనిమిది నెలలైంది. టీవీ వాళ్లకు కుర్ర మొహం కావాలట. ఎర్గాష్‌కు బండిలో మొదటి వరుసలో గౌరవ అతిథి కుర్చీ, ఒక పూలగుత్తి, ఒక చపాన్.

ఆ చపాన్ సంగతి తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది, ఇక ఎర్గాష్ సంగతి చెప్పాలా. మా ఉజ్బెకుల్లో మనిషిని గౌరవించి కప్పే అంగీ అంటే మఖమల్, దాని మీద జరీ. వేసుకున్నవాడు తెలివితక్కువవాడైనా ఒక పూట ఖాన్‌లా కనిపించాలి. ఫర్మొనోవ్ ఇచ్చినవి ముదురు నీలం నూలు చపాన్లు, వాటికి నల్ల నడికట్లు. అలాంటివి ఎవరు, ఎప్పుడు వేసుకుంటారో మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఇంట్లో మనిషి పోయిన రోజున మగవాళ్లు అవి కట్టుకుని గేటు ముందు నిలబడతారు. చవగ్గా దొరికాయని మూట కొనేశాడు మహానుభావుడు.

"పొద్దున్నే ఆ రంగేంటండీ, అశుభం. నా మాట విని విప్పెయ్యండి" అంది భార్య ఖుమ్రీ.

"అశుభమే. నేను కొన్నానా దాన్ని? ఇది వేసుకునే వెళ్తా. ఇచ్చినవాడి మొహాన్నే విప్పి కొడతా" అని ఎర్గాష్ నడికట్టు ఇంకా గట్టిగా బిగించాడు.

ఎనిమిదయ్యేసరికి మరో ఇద్దరు వచ్చారు. ఒకడు బెర్ది, 317లో పద్దెనిమిదేళ్లు టికెట్లు కోసిన కండక్టరు, భోజనప్రియుడు. రెండోవాడు తుర్గున్, డిపోలో బ్రేకులు చూసిన మెకానిక్, ఎడమ మోకాలు అరిగిపోయినవాడు. ముగ్గురికీ కలిపి ఒకటే కారు, అది ఎర్గాష్ గేటు దగ్గరికే వస్తుంది. వాళ్లిద్దరి ఒంటి మీదా అవే చపాన్లు. తుర్గున్ నిలబడలేనంటే ఎర్గాష్ లోపలి నుంచి పొడవాటి బల్ల తెచ్చి గేటు పక్కన వేశాడు.

గేటు ముందు ముగ్గురు మగవాళ్లు, నీలం చపాన్లు, నల్ల నడికట్లు, నెత్తిన టోపీలు, పక్కన బల్ల. మా మొహల్లాలో ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మొదట వచ్చినవాడు రొట్టెల హైదర్. సైకిలు గోడకు ఆనించి, చేతులు గుండెకు ఆనించుకుని వచ్చి, బల్ల చివర కూర్చుని అరచేతులు పైకెత్తాడు. మా దగ్గర ఒకడు దువాకు చేతులెత్తితే పక్కవాడు చూస్తూ కూర్చోడు. ముగ్గురూ ఎత్తారు. హైదర్ ఏదో గొణిగి, అరచేతులతో మొహం తుడుచుకుని, "అందరం పోవాల్సినవాళ్లమే అన్నా" అని నాలుగు వేడి రొట్టెలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"వీడికేమైంది పొద్దున్నే?" అన్నాడు ఎర్గాష్.

"ట్రాం కోసమై ఉంటుందిలే. ఇరవై ఏళ్లు రొట్టెల బుట్ట మన బండిలోనేగా వేసుకెళ్లాడు" అన్నాడు తుర్గున్.

ఎర్గాష్ వేడి రొట్టె ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "చూశావా, రొట్టెలమ్ముకునేవాడికున్న మర్యాద ఆ ఫర్మొనోవ్‌కి లేదు."

ఇక్కడ మా వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. దుఃఖంలో ఉన్న గేటు ముందుకు వెళ్లి "ఎవరు పోయారు" అని అడగడం మా దగ్గర చెంప మీద కొట్టడంతో సమానం. వస్తావు, కూర్చుంటావు, చేతులెత్తుతావు, లేచి వెళ్తావు. ఎవరు పోయారన్నది తర్వాత నీ ఇంట్లో నీ పెళ్లాన్ని అడిగి తెలుసుకుంటావు. ఎవరైనా నిజంగా పోయినప్పుడు ఇది ఎంతో మంచి అలవాటు.

హైదర్ వెళ్లి టీ కొట్లో చెప్పాడు. టీ కొట్టు నార్మత్ తాతకు చెప్పింది. నార్మత్ మా మొహల్లా పెద్ద. పెళ్లిళ్లు, చావులు తప్ప ఆయనకు వేరే వ్యాపకం లేదు, ఆ నెలలో ఒక్క పెళ్లి కూడా కుదరలేదు. ఎర్గాష్ ఇంట్లో ఎనభై ఎనిమిదేళ్ల అత్తగారు ఓయ్‌సారా అవ్వ ఉందని అందరికీ తెలుసు. దాంతో పెళ్లాన్ని అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు. పావుగంటలో వీధి మలుపులో పొయ్యి తవ్వారు. దాని మీద చావు పలావుకు పెద్ద కడాయి ఎక్కింది. ఆరుగురు మగవాళ్లు వరుసగా కూర్చుని క్యారెట్లు తరగడం మొదలుపెట్టారు. మసీదు నుంచి జనాజా, అంటే శవాన్ని మోసే పాడె, తెమ్మని నలుగురు కుర్రాళ్లను పంపారు. ఆడవాళ్లు తెల్ల ముసుగులతో పెరటి తలుపు నుంచి లోపలికి వెళ్లారు, వెళ్లీ వెళ్లగానే శోకాలు అందుకున్నారు.

లోపల శోకం వినగానే ఎర్గాష్ బల్ల మీంచి లేచాడు. లోపలికి పరుగెత్తబోతే నార్మత్ తాత రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ధైర్యం తెచ్చుకో నాయనా. నిండు ఆయుష్షు. మంచాన పడకుండా పోయింది, అదృష్టవంతురాలు."

"ఎవరు తాతా?"

తాత వెనక్కి తిరిగి జనంతో మెల్లగా అన్నాడు. "పాపం, మతి చెదిరింది."

"మా ఇంట్లో ఎవరూ పోలేదు."

"మొదటి రోజు అందరూ ఇట్లాగే అంటారు. మా నాన్న పోయినప్పుడు నేను మూడు రోజులన్నాను. నీళ్లు తెండ్రా ఎవరైనా."

"నాకు నీళ్లొద్దు. పోలేదంటుంటే వినరేం? నా డిపో కారు వస్తుంది, నేను పోవాలి. ఈ జనాన్నంతా ఎవరు రమ్మన్నారు?"

ఈ చివరి మాటలు వీధి చివర దాకా వినపడేటట్టు అన్నాడు. అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది. ఇద్దరు బలమైన మనుషులు చెరో రెక్కా పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టారు. అరిచినకొద్దీ ఆయన దుఃఖం ఎంత లోతైనదో జనానికి తెలిసివచ్చింది. అత్తగారి కోసం ఇంతగా తల్లడిల్లే అల్లుణ్ని ఈ కాలంలో చూడలేమని ఒకాయన కళ్లు ఒత్తుకున్నాడు.

"ఒరేయ్ బెర్దీ, నువ్వైనా చెప్పరా వీళ్లకి" అని ఎర్గాష్ పళ్లు కొరికాడు.

బెర్ది కడాయి వైపు చూస్తున్నాడు. అందులో గొర్రె తోక కొవ్వు కరిగి వాసన వేస్తోంది. "చెప్తా అన్నా, ఎందుకు చెప్పను. ఇంకా క్యారెట్ కూడా వెయ్యలేదు, తొందరేముంది" అన్నాడు.

లోపల ఖుమ్రీ పరిస్థితి మరీ ఘోరంగా ఉంది. వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి పెరటి నిండా ఏడుస్తున్న ఆడవాళ్లు. ఒకామె వచ్చి మెడ పట్టుకుని, "అమ్మని పోగొట్టుకున్నావే తల్లీ" అంది. ఖుమ్రీ అదిరిపడి గదిలోకి పరుగెత్తింది. అవ్వ మంచం మీద లేదు. తిరిగి పెరట్లోకి వచ్చి చూస్తే, అవ్వ ఆడవాళ్ల మధ్యలో చాప మీద కూర్చుని, అందరికంటే గట్టిగా ఏడుస్తోంది. అవ్వకు చెవులు సరిగా వినపడవు. లేచేసరికి ఇంటి నిండా ఏడుపు కనిపించింది. ఇంటి పెద్దావిడ ఊరికే ఎట్లా కూర్చుంటుంది, అందుకుంది.

"అమ్మా, ఎవరికోసం ఏడుస్తున్నావే?" అని ఖుమ్రీ చెవి దగ్గర అరిచింది.

"తెలీదే. ఎవరూ చెప్పట్లా. నువ్వూ కూర్చో, బాగుండదు."

అవ్వను చూసి ఆడవాళ్లు ఒక్క క్షణం ఆగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ ఇక్కడే ఉంటే పోయింది సమర్కంద్‌లో ఉన్న ఎర్గాష్ తమ్ముడై ఉంటాడని ఒకామె గుసగుసగా తేల్చింది. మళ్లీ మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు డిపో కారు వచ్చింది. డ్రైవరు దూరం నుంచే బల్లను, చపాన్లను, కడాయిని, అప్పుడే వీధిలోకి దిగుతున్న జనాజాను చూశాడు. కారు ఆపి, దిగి, గౌరవంగా చేతులెత్తి దువా చేసి, మళ్లీ కారెక్కి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. చావు ఇంటి యజమానిని "పూలగుత్తి తీసుకుందురుగాని రండి" అని పిలిచేంత పశువు కాడతను.

ఎర్గాష్ లేచి కారు వెంటపడ్డాడు. నార్మత్ తాత వెనక నుంచి నడికట్టు పట్టుకున్నాడు. "ఇంటి పెద్దవి, గేటు వదిలి ఎక్కడికయ్యా. లోకం ఏమనుకుంటుంది?"

"లోకం గంగలో దూకనీ. నా బండి తొమ్మిదిన్నరకి పోతుంది. నా బండి, తాతా. ముప్పై ఒక్క ఏళ్లు. మళ్లీ రాదది."

"పోయినవాళ్లు మళ్లీ రారు నాయనా" అన్నాడు తాత. వెనక ఉన్నవాళ్లు అవునవునన్నారు.

తొమ్మిదిన్నర అయింది. పది కూడా అయింది. నాలుగు మొహల్లాల నుంచి మనుషులు వచ్చి చేతులెత్తి వెళ్తున్నారు, ప్రతి ఒక్కడితోపాటూ ఎర్గాష్ చేతులెత్తాల్సి వస్తోంది. మనసులో మాత్రం దువా బదులు ఫర్మొనోవ్ ఏడు తరాలనూ వరుసగా తలుచుకుంటున్నాడు. అప్పుడు వీధి చివర, పట్టాలున్న వైపు, గంట వినిపించింది. ఆ గంట ఎవరిదో ఆయనకు చెప్పక్కర్లేదు. మలుపులో బ్రేకు ఒక్కసారిగా తొక్కిన చప్పుడు కూడా వినిపించింది, తుర్గున్ మోకాలు పట్టుకుని, "చంపేస్తున్నాడు దాన్ని" అని మూలిగాడు.

317 వచ్చి మొహల్లా మొగలో ఆగింది. మెడ నిండా కాగితపు పూలు, నుదుటి మీద ఎర్ర రిబ్బను. అక్కడ ఆగాల్సిన పని లేదు. కానీ కారు డ్రైవరు వెళ్లి చెప్పిన కబురు ఫర్మొనోవ్ చెవిన పడింది. పాత కార్మికుడి ఇంట చావు, బండిలో టీవీ కెమెరా. వీధి మొగలో ఆపకుండా పోతే చూసేవాళ్లు ఉమ్మేస్తారు, ఆగితే రాత్రి వార్తల్లో మొహం వస్తుంది. అందుకని ఆపాడు. అతిథులందరినీ దింపాడు. మేనల్లుణ్ని కూడా, "నువ్వూ దిగరా, సిగ్గులేదూ" అని దింపాడు.

ఫర్మొనోవ్ నేరుగా వచ్చి ఎర్గాష్‌ను కావలించుకున్నాడు. కెమెరా దగ్గరికి వచ్చేదాకా వదల్లేదు. "అన్నా, మీ దుఃఖం మా డిపో అందరి దుఃఖం" అన్నాడు.

ఎర్గాష్ అతని భుజం మీదుగా సార్వర్ ఖాళీ చేతులు చూశాడు. "పిడి ఏదిరా?" అని అడిగాడు.

ట్రాం నడిపేవాడు క్యాబిన్ వదిలితే నడిపే పిడి ఊడదీసి చేత్తో పట్టుకునే దిగాలి. ఇల్లు తగలబడుతున్నా సరే. సార్వర్ జేబులు తడుముకున్నాడు. "లోపలే ఉంది అన్నా. తలుపు తీసే ఉంది."

తుర్గున్ ఆ మాట వింటూనే మోకాలి సంగతి మరచి కుంటుకుంటూ పరుగెత్తి ట్రాం మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాడు. ఎర్గాష్ ఫర్మొనోవ్ చేతులు విదిలించుకున్నాడు. ఇంత కోపం వచ్చాక ఆయన గొంతు ఎందుకో తగ్గింది. అరుపు లేకపోయేసరికి జనం మొదటిసారి విన్నారు.

"ఎవరు పోయారని వచ్చారు?"

"అదే అన్నా, మీ ఇంటి పెద్దదిక్కు..."

"పేరు చెప్పండి."

ఫర్మొనోవ్ తన వెనకే దిగిన కారు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు నార్మత్ తాతను చూశాడు. తాత హైదర్‌ను చూశాడు. హైదర్ నేల చూపులు చూస్తూ, "నేను బల్ల చూశా తాతా. చపాన్లు చూశా" అన్నాడు.

గేటు కిర్రుమంది. ఓయ్‌సారా అవ్వ కర్ర పొడుచుకుంటూ బయటికి వచ్చింది. జనంలో వెనక ఎవడో "బిస్మిల్లా" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

"అల్లుడూ, పొద్దున్నుంచి ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయింది. పేరు చెప్పయ్యా. పేరు పెట్టి ఏడిస్తేనే కదా దానికో అందం" అంది. తర్వాత గోడకు ఆనించిన జనాజాను ఎగాదిగా చూసి, "ఇది పొట్టిది. నాకైతే చాలదు, ముందే చెప్తున్నా" అని బల్ల మీద కూర్చుంది.

ఇంతమంది ఇన్ని గంటలు తప్పు చేశారు కదా, సిగ్గుపడతారని అనుకుంటాం. అట్లా ఎక్కడా జరగదు. నార్మత్ తాత గడ్డం వణికింది. "మొహల్లాని నవ్వులపాలు చేస్తావా ఎర్గాష్? కడాయి ఎక్కింది. దువాలయ్యాయి. మసీదు నుంచి జనాజా వచ్చింది. ఇంట్లో చచ్చినవాళ్లు లేకుండా ఇవన్నీ చేయిస్తావా?" అవునవునని జనం ముందుకు వచ్చారు. క్యారెట్లు తరిగినవాడు కత్తితో సహా వచ్చాడు. ఫర్మొనోవ్ తల ఆడిస్తూ, "తప్పు అన్నా, చాలా తప్పు" అన్నాడు.

ఆ తల ఆడింపుతో ఎర్గాష్‌కు ఓపిక తెగిపోయింది.

"ఎవరూ పోలేదని ఎవడన్నాడు? పోయింది. అదిగో" అని ట్రాం వైపు చెయ్యి చూపించాడు. "ఇవాళ మధ్యాహ్నానికి యార్డులో దాన్ని ముక్కలు కోస్తారు. హైదర్, నీ రొట్టెలు మోసింది. తాతా, నీ మనవరాలు పురిటినొప్పులతో ఉంటే మంచులో ఒక్క స్టాపు ఆపకుండా ఆస్పత్రికి మోసింది, నువ్వు నా పక్కనే నిలబడి ఏడ్చావు. దాన్ని నువ్వే తోలుకెళ్లమని నాకు మాటిచ్చి, నిన్న పేరు మార్చి, నోరు మూసుకోమని ఈ చావు చపాన్ కప్పాడు ఈయన. ఈ చపాన్ నేను కొనలేదు, డిపో ఇచ్చింది. మీరంతా సరిగ్గానే వచ్చారు. ఈయన ఒంటి మీదున్నది చూడండి మీరే."

అందరూ చూశారు. ఫర్మొనోవ్ ఒంటి మీద ఎర్ర మఖమల్ చపాన్, దాని నిండా జరీ. చావు ఇంటి గేటు ముందు, ముసుగులేసుకున్న ఆడవాళ్ల ఎదుట, మెరిసిపోతూ నిలబడి ఉన్నాడు. కెమెరా కూడా అటే తిరిగింది. ఫర్మొనోవ్ రెండు చేతులతో జరీని కప్పుకోబోయాడు, జరీ చాలా ఉంది.

నార్మత్ తాతకు ఊపిరి వచ్చింది. పొద్దున్నుంచి చేసిన ఏర్పాట్లన్నిటికీ ఒక దిక్కు దొరికింది. "అట్లా చెప్పవేమయ్యా ముందే" అని, సార్వర్ వైపు తిరిగి, "పోయినదానికి నువ్వేమవుతావు?" అని అడిగాడు.

"ఎనిమిది నెలలు నడిపా తాతా."

"ఏమవుతావంటే నెలలు చెప్తాడేంది వీడు. దగ్గరివాళ్లు బతికుండగా పరాయివాళ్లు మొయ్యడం మన మొహల్లాలో లేదు." తాత ఫర్మొనోవ్‌కు మర్యాదగా తల వంచాడు. "మీ ఊళ్లో ఉందాండీ?"

వీధి వీధంతా ఫర్మొనోవ్ మొహం చూసింది. అతను ఒకసారి కెమెరా చూశాడు, ఒకసారి కత్తి పట్టుకున్న క్యారెట్ల మనిషిని చూశాడు. "మొదట్నుంచీ నా ఉద్దేశమూ అదేనండీ. ఎర్గాష్ అన్నే నడపాలి. కాగితం రాసినవాడు పొరపాటు రాశాడు" అన్నాడు. కాగితం రాసింది అతనే. ఆ సంగతి ఎర్గాష్‌కూ తెలుసు, అయినా తగవు పెంచలేదు. అప్పటికే ఆయన ట్రాం వైపు సగం దూరం నడిచాడు.

తుర్గున్ మెట్టు మీద నుంచి జరిగాడు. ఎర్గాష్ క్యాబిన్‌లో కూర్చుని, పిడి మీద చెయ్యి వేశాడు. కోపం పోలేదు. మొహల్లా అంతా ఎక్కింది. మనుషులకు మాత్రమే అయితే చోటు సరిపోయేది, కుర్రాళ్లు జనాజాను కూడా ఎక్కించారు, తెచ్చినదాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదట. ఫర్మొనోవ్ వెనక మెట్టు మీద ఒంటి కాలితో వేలాడాడు. బెర్ది ఒక్కడే ఎక్కలేదు. బియ్యం వేసే సమయం, కడాయి దగ్గర నమ్మకమైనవాడు ఉండాలన్నాడు.

గౌరవ అతిథి కుర్చీలో ఓయ్‌సారా అవ్వ కూర్చుంది. ఖుమ్రీ ఆమె చెవిలో పోయినవాళ్ల పేరు చెప్పింది. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, "మూడు వందల పదిహేడూ, నా తల్లీ, మమ్మల్ని వదిలి పోతున్నావా" అని అందుకుంది. ఆడవాళ్లు వంత కలిపారు. పేరు తెలిశాక ఏడుపు నిజంగానే బాగా కుదిరింది. దారి పొడుగునా స్టాపుల్లో నిలబడ్డవాళ్లు ట్రాంను చూసి చేతులెత్తారు.

ఎర్గాష్ ప్రతి స్టాపులోనూ ఆపాడు, తలుపులు తెరిచాడు, మూశాడు. మలుపు మలుపులోనూ బ్రేకు ఎలా వెయ్యాలో వెనక నిలబడ్డ సార్వర్‌కు తిడుతూ చూపించాడు. యార్డులో బండి ఆపి, పిడి ఊడదీసి చపాన్ లోపల పెట్టుకుని దిగాడు. పిడి డిపోకు అప్పగించాలన్నది నియమం. ఫర్మొనోవ్ నోరు తెరిచి, నార్మత్ తాత వైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. చపాన్ విప్పి అతని మొహాన కొట్టాలన్న సంగతి ఎర్గాష్‌కు ఇంటికి వచ్చి పలావు తిన్నాక గుర్తొచ్చింది.

ఇరవయ్యో రోజున ఆచారం ప్రకారం ఎర్గాష్ గేటు ముందు మళ్లీ బల్ల వేసి పలావు పెట్టారు. ఊరి అవతలి మొహల్లాల నుంచి కూడా జనం వచ్చి, చేతులెత్తి, తిని వెళ్లారు. ఎవరు పోయారని ఒక్కడూ అడగలేదు.